న్యూ హాంప్‌షైర్ టౌన్ హాళ్లలో ఒక ప్రశ్న వెంట

మా తమ్ముడికి అమెరికాలో ఓటు లేదు. ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు చందా కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల విరాళాలు ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. అయినా 2019 శరదృతువులో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న వ్యక్తి ఎదుట నిలబడి, మైకు పట్టుకుని, తన కూతురి భవిష్యత్తు గురించి ప్రశ్న అడిగాడు. అక్కడిదాకా ఎలా వెళ్లామో, తర్వాత ఏం జరిగిందో రాస్తున్నాను. ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి ఈ దారి ఒకటుందని తెలియదు. తెలిసినవాళ్లు కూడా జంకుతారు.

మేముండేది న్యూ హాంప్‌షైర్ దక్షిణపు అంచున, మసాచుసెట్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న నాషువాలో. రాష్ట్రం చిన్నది, జనాభా సుమారు పద్నాలుగు లక్షలే. కానీ అధ్యక్ష అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ అన్ని రాష్ట్రాలకన్నా ముందు ఇక్కడే జరగాలని, తర్వాతి దానికి కనీసం వారం ఎడం ఉండాలని రాష్ట్ర చట్టంలోనే రాసి పెట్టుకున్నారు. అందుకని ఎన్నికకు ఏడాది ముందునుంచే అభ్యర్థులు ఊరూరా తిరుగుతారు. బడి జిమ్‌లు, గ్రంథాలయాలు, మాజీ సైనికుల క్లబ్బులు, ఒక్కోసారి ఎవరింటి ముందు గదో కూడా సభాస్థలం అవుతుంది. 2000 నాటి రిపబ్లికన్ ప్రైమరీలో సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ ఈ రాష్ట్రంలో 114 టౌన్ హాల్ సభలు, అంటే జనం నేరుగా ప్రశ్నలడిగే సభలు, పెట్టి, డబ్బూ పార్టీ పెద్దల అండా దండిగా ఉన్న జార్జ్ బుష్‌ను పద్దెనిమిది శాతం తేడాతో ఓడించాడు. ఆ కథ ఇక్కడ పక్కింటి ముసలాయన కూడా నిన్న జరిగినట్టే చెబుతాడు.

ఇక్కడి వాళ్లకు ప్రశ్న అడగడం అలవాటైన పని. ఏటా మార్చిలో చిన్న ఊళ్లలో పౌరులంతా ఒకచోట కూర్చుని రోడ్ల ఖర్చు, అగ్నిమాపక బండి కొనుగోలు, బడి బడ్జెట్ గురించి వాదించుకుని ఓటు వేసే పద్ధతి వందల ఏళ్లుగా ఉంది. మన గ్రామసభకు చట్టం ఇచ్చిన అధికారాన్ని ఊరంతా వచ్చి నిజంగా వాడుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అలాంటి సభల్లో పెరిగినవాళ్లకు సెనేటరయినా, గవర్నరయినా ఒకటే. చెయ్యెత్తుతారు, అడుగుతారు, జవాబు నచ్చకపోతే మళ్లీ అడుగుతారు.

నాకు 2018లో పౌరసత్వం వచ్చింది. సిటీ క్లర్క్ కార్యాలయంలో ఓటరుగా నమోదైనప్పుడు ఏ పార్టీ పేరూ రాయలేదు. ఇక్కడ అలాంటి ఓటర్లే అన్నిటికన్నా పెద్ద గుంపు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు.

2019 జూన్‌లో డెమొక్రాటిక్ పార్టీ మొదటి డిబేట్ మయామీలో జరిగింది. ఇరవై మంది అభ్యర్థులు, రాత్రికి పదిమంది చొప్పున రెండు రాత్రులు. తమ్ముడి కుటుంబం, మేము కలిసి మా ఇంట్లో చూశాం. వలసల మీద వేడిగానే మాట్లాడారు. అనుమతి లేకుండా సరిహద్దు దాటడాన్ని నేరంగా చూడాలా వద్దా అని హూలియన్ కాస్ట్రో పట్టుబట్టి అడిగాడు. అది ముఖ్యమైన చర్చే, కాదనను. కానీ చట్టప్రకారం వచ్చి గ్రీన్‌కార్డు వరుసలో నిలబడిపోయిన లక్షల మంది గురించి ఆ రెండు రాత్రుల్లోనూ మాకు ఒక్క మాట వినపడలేదు. తమ్ముడు టీవీ కట్టేసి, "అక్కా, మన గోడు ఈ వేదిక మీదికి ఎప్పటికీ రాదు" అన్నాడు.

వాడి గోడు ఇది. 2011లో హెచ్-1బీ వీసా మీద వచ్చాడు. కంపెనీ 2015లో గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టింది. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి వెళ్లకూడదన్నది నియమం. ఐస్‌లాండ్‌కూ ఏడే, భారతదేశానికీ ఏడే. 2019లో వాడి వరుసలో 2009 నాటి దరఖాస్తుల్ని చూస్తున్నారు. మా మేనకోడలు వచ్చినప్పుడు ఏడేళ్ల పిల్ల. ఇరవై ఒకటి నిండేలోపు తండ్రికి గ్రీన్‌కార్డు రాకపోతే ఆమె వీసా పోతుంది. విద్యార్థి వీసాకు మారాలి, లేదా చిన్నప్పుడు వదిలి వచ్చిన దేశానికి ఒంటరిగా వెళ్లిపోవాలి. ఒబామా కాలంలో బాల్యంలో వచ్చినవారికి ఇచ్చిన రక్షణ ఇలాంటి పిల్లలకు వర్తించదు. అది చట్టబద్ధ హోదా లేని పిల్లల కోసం పెట్టింది. హోదా ఉండటమే వీళ్లకు అడ్డయింది.

డిబేట్ వేదిక ఎక్కడానికి పార్టీ పెట్టిన కొలతలు చూస్తే, మా మాట అక్కడికి ఎందుకు చేరలేదో నాకు కొంత అర్థమైంది. మొదటి డిబేట్‌కు 65,000 మంది దాతలు గానీ, మూడు సర్వేల్లో ఒక్కో శాతం మద్దతు గానీ ఉండాలన్నారు. సెప్టెంబరులో హ్యూస్టన్ డిబేట్ నాటికి 1,30,000 మంది దాతలూ కావాలి, నాలుగు సర్వేల్లో రెండేసి శాతమూ కావాలి. డిసెంబరుకు దాతల సంఖ్య 2,00,000 అయింది. డాలరు ఇచ్చినా దాతే కాబట్టి, అభ్యర్థులంతా ఒక్క డాలరు ఇమ్మని ఫోన్లలో, ప్రకటనల్లో వేడుకున్నారు. ఆ ఒక్క డాలరు ఇచ్చే హక్కు కూడా మా తమ్ముడికి లేదు. సర్వే చేసేవారు అడిగేది ఓటర్లను. అంటే వాడు ఏ లెక్కలోకీ రాడు. ఇక అభ్యర్థులకు వాడి సమస్య తట్టాలంటే ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చెప్పాల్సిందే.

దానికి తోడు పార్టీకి ఇంకో నియమం ఉండేది. పార్టీ గుర్తించని డిబేట్‌లో పాల్గొన్న అభ్యర్థికి అధికారిక డిబేట్లలో చోటు ఉండదు. వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ జే ఇన్‌స్లీ వాతావరణ సంక్షోభం ఒక్కదాని మీదే డిబేట్ కావాలని కోరాడు. ఎందరో యువకులు అదే కోరారు. ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కో సమావేశంలో పార్టీ కమిటీ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చింది. సెప్టెంబరు 4న సీఎన్ఎన్ ఆ అంశం మీదే ఒక టౌన్ హాల్ పెట్టింది. పదిమంది అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఏడు గంటలపాటు ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఇద్దరు పక్కపక్కన నిలబడితే డిబేట్, విడివిడిగా వస్తే కాదు. మా ప్రాంతంలో జరిగిన ఒక వేదికకు వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాను. ఒక అభ్యర్థి దిగి పక్క తలుపు గుండా వెళ్లిపోయాకే ఇంకొకరిని లోపలికి తెచ్చారు. మధ్యలో కుర్చీ కూడా మార్చారు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగి ఉంటే ఎంత తేలేదో అనిపించింది. అయినా ఆ ఏడు గంటల కార్యక్రమంలో ఒక్కొక్కరికీ దొరికిన సుమారు నలభై నిమిషాలు, పదిమంది మధ్య నిమిషం నిమిషం పంచుకున్న డిబేట్ కన్నా నాకు ఎక్కువ నేర్పాయి.

టౌన్ హాల్‌కు వెళ్లడం ఏమంత కష్టం కాదు. అభ్యర్థి ప్రచార వెబ్‌సైట్‌లో ఊరు, తేదీ ఉంటాయి. పేరు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్ ఇస్తే చాలు. తలుపు దగ్గర వాలంటీర్లు పేరు చూసుకుని చొక్కాకు స్టిక్కర్ అంటిస్తారు, మద్దతు ఇస్తానని సంతకం చేయమంటూ ఒక కార్డు ఇస్తారు. సంతకం చేయడం తప్పనిసరి కాదు. "నా వీసా ఏమిటని అడిగితే?" అని తమ్ముడు కారులో అడుగుతూనే ఉన్నాడు. "ఎవరూ అడగరురా" అన్నాను. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కూడా ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. ఓటు లేనివాడు టౌన్ హాల్‌కు రాకూడదన్న నియమం ఎక్కడా లేదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది.

ప్రశ్న అడిగే అవకాశం మాత్రం అంత సులువుగా రాదు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఎలిజబెత్ వారెన్ సభల్లో తలుపు దగ్గర టికెట్లు ఇచ్చి, లాటరీ తీసి, వచ్చిన నంబర్లవారికి మైకు ఇచ్చేవారు. అది నాకు న్యాయంగా అనిపించింది. మిగతా చోట్ల అభ్యర్థి చూపు ఎటు పడితే అటు. ముందు వరుసలో కూర్చున్నవారికి, నిలబడి చెయ్యెత్తినవారికి అవకాశం ఎక్కువ. మనవాళ్లు వెళ్తే వెనుక గోడకు ఆనుకుని నిలబడతారు. మేము గంటకు పైగా ముందే వెళ్లి రెండో వరుసలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాం.

మొదటిసారి మైకు నాకు దొరికింది. దేశాల కోటా అన్యాయమని, వరుస ఎన్నో దశాబ్దాలు పడుతుందని వివరించాను. అభ్యర్థి తల ఊపి, వలసదారులే ఈ దేశానికి బలమని, బాల్యంలో వచ్చినవారికి పౌరసత్వం ఇచ్చి తీరుతామని చెప్పారు. హాలంతా చప్పట్లు. నేను అడిగింది వేరు, వచ్చిన జవాబు వేరు. అది వేరే సమస్య అని చెప్పబోయేసరికి మైకు నాలుగు వరుసల అవతలికి వెళ్లిపోయింది. ఇంటికి వస్తూ తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే మైకు చేతికొచ్చాక ఏం చేయాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. సమస్య వివరించడానికి మనకున్నది అర నిమిషం. ఆ అర నిమిషంలో చట్టం పేరు ఉండాలి, పిల్ల వయసు ఉండాలి, అవుననో కాదనో చెప్పక తప్పని ప్రశ్న ఉండాలి. జవాబు పూర్తయ్యేవరకు మైకు తిరిగి ఇవ్వకూడదు.

అప్పటికి చేతిలో ఒక మంచి ఆధారం కూడా ఉంది. జూలై 10న ప్రతినిధుల సభ దేశాల కోటా ఎత్తివేసే బిల్లును, హెచ్.ఆర్. 1044ను, 365–65 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీలవాళ్లూ ఓటేశారు. సెనేట్‌లో దానికి జతగా ఉన్న బిల్లును ఉటా రిపబ్లికన్ మైక్ లీ, కమలా హారిస్ కలిసి పెట్టారు. అది అక్కడ ఆగి ఉంది. మిగతా దేశాలవాళ్లకు నిరీక్షణ పెరుగుతుందన్న అభ్యంతరం కూడా ఉంది. ఆ మాటలో నిజం ఉంది. అందుకే మొత్తం కార్డుల సంఖ్య కూడా పెంచాలని అడగడం సబబని నేనూ తమ్ముడూ అనుకున్నాం. ఎవరి వరుసనో పొడిగించి మా వరుస కుదించమని అడగడానికి మాకు మనసొప్పలేదు.

ఆ తర్వాతి సభ పక్క ఊరి బడి జిమ్‌లో. ఈసారి నువ్వే అడగాలని తమ్ముడితో అన్నాను. నేను ఓటరును, నా మాటకు విలువ ఉంది. కానీ ఆ పిల్ల తండ్రి వాడు. వాడు చెయ్యెత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. అభ్యర్థి వాడి వైపు వేలు చూపించారు. వాడి గొంతు మొదట వణికింది. "నేను ఈ దేశంలో ఓటు వేయలేను" అని మొదలుపెట్టాడు. హాలు నిశ్శబ్దమైంది. "నా కూతురు ఏడేళ్లప్పుడు చట్టబద్ధంగా వచ్చింది. ఇప్పుడు పదిహేను. నా వరుస కదిలేలోపు ఆమెకు ఇరవై ఒకటి నిండుతాయి, నా దరఖాస్తులోంచి ఆమె పేరు పోతుంది. సభ ఆమోదించిన 1044 బిల్లు మీ దగ్గరికి వస్తే సంతకం చేస్తారా? ఇలాంటి పిల్లల వయసు దరఖాస్తు పెట్టిన రోజుకే లెక్కకట్టే చట్టం తెస్తారా?"

అభ్యర్థి వెంటనే జవాబు చెప్పలేదు. ఎన్నేళ్లుగా పన్ను కడుతున్నారని, అమ్మాయి ఏ తరగతి చదువుతోందని తిరిగి అడిగారు. ఈ పిల్లల సంగతి తన దృష్టికి రాలేదని ఒప్పుకున్నారు. మొదటి ప్రశ్నకు అవునని, రెండోదానికి తన విధాన బృందంతో మాట్లాడి చెబుతానని అన్నారు. సభ ముగిశాక ఒక యువ ఉద్యోగి పరుగున వచ్చి తమ్ముడి ఈమెయిల్ రాసుకుంది. కొన్ని వారాలకు నిజంగానే ఉత్తరం వచ్చింది, వివరాలు అడుగుతూ. వాడు నాలుగు పేజీల జవాబు రాశాడు. అంతకన్నా నన్ను కదిలించింది వేరే సంగతి. బయటికి వస్తుంటే ఆ ఊరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆగి తమ్ముడితో మాట్లాడారు. వాళ్లకు ఈ వరుస సంగతే తెలియదు. చట్టప్రకారం వస్తే పౌరసత్వం నాలుగైదేళ్లలో వచ్చేస్తుందని అనుకుంటున్నారు. ఒక పెద్దావిడ తన సెనేటర్‌కు తానే ఫోన్ చేస్తానని నా నంబరు తీసుకుంది. ఏ డిబేట్ చూసినా ఆ హాలులోని రెండొందల మందికి ఈ విషయం తెలిసేది కాదు.

డిబేట్లు వద్దని నేను అనను. 2020 ఫిబ్రవరి 7న మాంచెస్టర్‌లో సెయింట్ ఆన్సెల్మ్ కాలేజీలో జరిగిన డిబేట్‌లో మిన్నెసోటా సెనేటర్ ఎమీ క్లోబుషార్ బాగా మాట్లాడింది. నాలుగు రోజుల తర్వాత ప్రైమరీలో సుమారు ఇరవై శాతం ఓట్లతో మూడో స్థానంలోకి వచ్చింది. అదే చలికాలంలో కొలరాడో సెనేటర్ మైకల్ బెనెట్, జూలై తర్వాత ఏ డిబేట్‌కూ అర్హత దొరకక, ప్రైమరీలోపు ఈ రాష్ట్రంలో యాభై టౌన్ హాళ్లు పెడతానని మాట ఇచ్చి తిరిగాడు. ఆయన సభకు వెళ్తే మనిషికి మనిషి ఎదురు కూర్చుని మాట్లాడినట్టే ఉండేది. ఏ ప్రశ్ననూ దాటవేయలేదు. చివరికి ఒక శాతం ఓటు కూడా రాలేదు, ఆ రాత్రే తప్పుకున్నాడు. టీవీ వెలుగు లేకుండా మెక్‌కెయిన్ దారి మళ్లీ నడవడం ఇప్పుడు కుదరదేమో. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఫిబ్రవరి 11న మా వార్డులో గుర్తింపు కార్డు చూపించి, పేరు చెప్పి, డెమొక్రాటిక్ బ్యాలెట్ అడిగాను. ఓటు వేశాక బయటికి వచ్చే ముందు ఒక బల్ల దగ్గర ఫారం నింపి మళ్లీ ఏ పార్టీకీ చెందని ఓటరునయ్యాను. బెర్నీ సాండర్స్ స్వల్ప తేడాతో గెలిచాడు. ఆ డిసెంబరులో సెనేట్ తన రూపంలో కోటా బిల్లును ఆమోదించింది. కానీ రెండు సభల రూపాలూ కలవక అది చట్టం కాలేదు.

2023 నాటికి తమ అధ్యక్షుడు జో బైడెనే మళ్లీ పోటీలో ఉన్నందున డెమొక్రాటిక్ పార్టీ డిబేట్లే పెట్టలేదు. రిపబ్లికన్ పార్టీ పెట్టింది, డొనాల్డ్ ట్రంప్ ఒక్కదానికీ రాలేదు. కానీ మే 10న సెయింట్ ఆన్సెల్మ్‌లోనే సీఎన్ఎన్ పెట్టిన టౌన్ హాల్‌కు వచ్చాడు. దాన్ని చూశాక టీవీ టౌన్ హాల్ వేరు, బడి జిమ్‌లోది వేరు అని నాకు గట్టిగా అనిపించింది. ఎంపిక చేసిన ప్రేక్షకులు, ప్రతి మాటకూ చప్పట్లు, ప్రశ్న అడిగినవారికి రెండో ప్రశ్నకు చోటు లేదు. ఆ శరదృతువులో రిపబ్లికన్ అభ్యర్థులు క్రిస్ క్రిస్టీ, వివేక్ రామస్వామి ఒక టీవీ కార్యక్రమంలో కలిసి మాట్లాడబోతే, అలా చేస్తే అధికారిక డిబేట్‌కు రానివ్వమని రిపబ్లికన్ కమిటీ హెచ్చరించింది. అదే పాత నియమం. డిసెంబరులో దాన్ని ఎత్తేశారు.

డిసెంబరు 27న రాష్ట్రపు ఉత్తర కొసన, ఒకప్పటి కాగితం మిల్లుల ఊరు బెర్లిన్‌లో, రిపబ్లికన్ అభ్యర్థి నిక్కీ హేలీ టౌన్ హాల్‌లో ఒక వ్యక్తి అమెరికా అంతర్యుద్ధానికి కారణం ఏమిటని అడిగాడు. ఆమె ప్రభుత్వ పాత్ర, స్వేచ్ఛల గురించి చెప్పింది, ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వం ఊసెత్తలేదు. ఆ వ్యక్తి మైకు వదలకుండా ఆ మాట రాకపోవడం ఆశ్చర్యంగా ఉందన్నాడు. తెల్లవారేసరికి దేశమంతా అదే చర్చ. ఆమె వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నాలుగు అధికారిక డిబేట్లలో వృత్తి విలేఖరులు రాబట్టలేనిది అతను రెండు వాక్యాల్లో రాబట్టాడు.

ఆ చలికాలంలో రిపబ్లికన్ల సభలకూ వెళ్లాం. ఈసారి అడిగింది మా మేనకోడలు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. న్యూ ఇంగ్లండ్ యాసలో తడబాటు లేకుండా, ఇలాంటి పిల్లల కోసం 2021లోనూ 2023లోనూ కాంగ్రెస్‌లో పెట్టిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ పేరు చెప్పి, మద్దతు ఇస్తారా అని అడిగింది. ముందు సరిహద్దు సంగతి తేల్చాలని అభ్యర్థి చెప్పారు. "నేను సరిహద్దు దాటి రాలేదు, విమానంలో వీసాతో వచ్చాను. నా ప్రశ్నకు మీ జవాబు అవునా, కాదా?" అని ఆమె మళ్లీ అడిగింది. సభలో చాలామంది ఆమె వైపు తిరిగారు, కొందరు చప్పట్లు కొట్టారు. అభ్యర్థి ఆ బిల్లు చదువుతానన్నారు.

2025లో ఆమెకు ఇరవై ఒకటి నిండాయి. విద్యార్థి వీసా మీద చదువుతోంది. ఆ బిల్లు చట్టం కాలేదు, తమ్ముడి వరుస ఇంకా 2015కు చేరలేదు. 2028 మీద కన్నున్న నాయకులు న్యూ హాంప్‌షైర్ సభలకు వచ్చి వెళ్లడం మొదలైంది. సభ వివరాలు తెలియగానే మా తెలుగువాళ్ల గ్రూపులో పెడుతున్నాను. ఎంత ముందు రావాలో, ఏ వరుసలో కూర్చోవాలో కూడా రాస్తున్నాను. ఓటు లేని కుటుంబాలే ముందుగా పేర్లు ఇస్తున్నాయి.